ఈ నీళ్ళు ఎక్కడివి?

ధ్యాన భాగములు: కీర్తన 42, యెషయా 58వ అధ్యాయము, మత్తయి 16:13–23



మా దేవాలయములో ప్రక్కగది గోడమీద ఒక జలపాతపు ఫోటో వ్రేలాడుచున్నది. నల్లని బండల నడుమనుండి తెల్లని నీళ్ళు దూకుచున్నవి, చుట్టును పచ్చని చెట్లు. 2019వ సంవత్సరము మార్చి నెలలో మేము కొందరము పరిశుద్ధ దేశయాత్రకు వెళ్ళినప్పుడు మా గుంపులోని ఒక యౌవనస్థుడు దానిని తీసెను. అతడు మా ప్రాంతములో పెండ్లిళ్ళకు ఫోటోలు తీసి జీవించువాడు. ఇంటికి వచ్చిన తరువాత దానిని పెద్దదిగా అచ్చువేయించి, ఫ్రేము కట్టించి, సంఘమునకు కానుకగా ఇచ్చెను.

మొదటి ఆదివారము ఆరాధన ముగియగానే అందరును దానిచుట్టు మూగిరి. పిల్లలు ఆ ఫోటోను మరల తమ ఫోనులతో ఫోటో తీసికొనిరి. అందరును వెళ్ళిన తరువాత ఒక ముసలితల్లి, కళ్ళజోడు కాడ విరిగిపోగా దారముతో కట్టుకొన్నది, పటము దగ్గరకు వచ్చి చాలసేపు చూచి నన్ను అడిగెను: "అయ్యగారూ, ఈ నీళ్ళు ఎక్కడివండీ?"

"యొర్దాను నీళ్ళమ్మా" అంటిని.

"అది సరేనండీ. యొర్దానులోకి ఎక్కడినుంచి వస్తున్నాయని?"

ఆమెకు ఆనాడు చెప్పినదానినే మీకును చెప్పెదను. ఆనాడు చెప్పలేకపోయినది కొంత ఉన్నది, దానినికూడ చెప్పవలెను.

ఆ స్థలము పేరు బానియాసు. అక్కడి గుహయొద్ద గ్రీకులు పాను అను దేవతను పూజించిరి గనుక పూర్వము పనియాసు అనిరి. అరబ్బీ భాషలో 'ప' అను ధ్వని లేనందున అది బానియాసు ఆయెను. హేరోదు కుమారుడైన ఫిలిప్పు అక్కడ పట్టణము కట్టించి దానికి కైసరు పేరు పెట్టెను. మన బైబిలులో ఫిలిప్పుదైన కైసరయ అని చదువుచున్నది అదియే. 1967వ సంవత్సరపు యుద్ధమువరకు ఆ చోటు సిరియా దేశస్థుల చేతిలో ఉండెను, ఆ యుద్ధములో ఇశ్రాయేలువారు దానిని పట్టుకొనిరి.

దానికి పైన హెర్మోను పర్వతము ఉన్నది. ఎత్తు 2,814 మీటర్లు. మన తూర్పు కనుమలలో అన్నిటికంటె ఎత్తైన శిఖరము దానిలో మూడింట రెండువంతులైనను ఉండదు. చలికాలములో దానిమీద మంచు కురిసి పేరుకొనును. ఆ కొండ సున్నపురాతి కొండ. మన పల్నాటి ఇండ్లలో పరచుకొను నాపరాయికూడ ఆ జాతిదే. వాన నీరు గాలిలోను మట్టిలోను కొంచెము పులుపును కలుపుకొనును. ఆ పులుపు సున్నపురాతిని మెల్లమెల్లగా కరిగించి, వెంట్రుకవంటి పగుళ్ళను కాలువలుగా చేయును. అందుచేత హెర్మోనుమీద కరిగిన మంచులో చాలభాగము కొండమీద ఏరై పారదు, కొండలోనికి దిగిపోవును. చీకటిలో, ఎవరును చూడని దారులలో ప్రయాణము చేసి, కొండ అడుగున ఊటలై పైకి వచ్చును. బానియాసు ఊట అట్టిది. దాని ప్రక్కనున్న దాను ఊట అంతకంటె గొప్పది, సగటున సెకనుకు సుమారు 8,000 లీటర్లు పైకి తెచ్చును. పెద్ద బిందెకు 20 లీటర్లు లెక్కకట్టుడి, మీరు కన్ను మూసి తెరచునంతలో 400 బిందెలు. ఈ రెండును, లెబానోనునుండి వచ్చు హస్బానీ ఏరును కలిసి యొర్దాను అగును.

బానియాసు ఊటకు దిగువగా ఏరు ఇరుకైన లోయలో పడి పారును. లోయ గోడకు ఆనించి కట్టిన నడకదారి ఒకటి ఉన్నది. దానిమీద నడచుచుండగా కాళ్ళక్రింద నీళ్ళు హోరెత్తుచుండును. ఆ లోయలోనే సుమారు 10 మీటర్ల ఎత్తునుండి ఏరు దూకుచున్నది. మా పటములోనిది అదియే.

ఫోటో తీయుట చూడవలసినదే. మేమందరము జలపాతమునకు వీపు త్రిప్పి, మా ముఖములను ఫోనులో తీసికొని, అయిదు నిమిషములలో ముగించితిమి. (నేనును తీసికొంటిని. దానిలో నా తల జలపాతమును సగము కప్పివేసెను.) ఆ తమ్ముడు మాత్రము మూడుకాళ్ళ స్టాండు నిలిపి, నీటితుంపర పడిన ప్రతిసారి కెమెరా అద్దమును గుడ్డతో తుడుచుచు, మబ్బు వచ్చి ఎండ తగ్గువరకు కనిపెట్టెను. ఎందుకని అడుగగా, ఎండలో తెల్లని నీరు సున్నము పూసినట్లు పడును, నీటిలోని గీతలు కనబడవు అని చెప్పెను. తరువాత నాకు రెండు ఫోటోలు చూపెను. ఒకదానిలో కెమెరా కన్ను అర సెకను తెరచియుంచెను, నీళ్ళు పెండ్లికూతురి మేలిముసుగువలె మెత్తగా వ్రేలాడెను. రెండవదానిలో సెకనులో వెయ్యవ వంతు మాత్రమే తెరచెను, ప్రతి బొట్టును గాజుపూసవలె గాలిలో నిలిచిపోయెను. ఏరు ఒక్కటే, తీసినవాడు ఒక్కడే. అయినను మా కన్నులు చూచిన జలపాతము ఈ రెంటిలో ఏదియు కాదు.

పూర్వులకు ఈ ఎన్నిక కూడ లేదు. 1862లో ఇంగ్లండు యువరాజుతోకూడ ఆ దేశములలో తిరిగిన ఫ్రాన్సిస్ బెడ్‌ఫోర్డ్ అనునతడు బానియాసును ఫోటో తీసెను. ఆ కాలమున గాజు పలకకు మందు పూసి, అది తడి ఆరకముందే ఫోటో తీసి, వెంటనే చీకటి గుడారములో కడుగవలెను. పలకకు వెలుగు అందుటకు కొన్ని సెకన్లు పట్టును గనుక, ఆనాటి ఫోటోలలో పారు నీరంతయు పొగమంచువలెనే పడెడిది.

జలపాతము ముగిసిన తరువాత మేము పైకి ఎక్కి ఊటయొద్దకు వచ్చితిమి. గుహ నోరు పెద్దది. ప్రాచీన కాలమున నీళ్ళు ఆ గుహలోనే ఉండెను. ఇప్పుడు గుహకు దిగువ రాళ్ళ సందులనుండి చప్పుడు లేకుండ వచ్చుచున్నవి. ఆ తమ్ముడు మరల స్టాండు నిలిపెను. ఒకటి తీసెను, రెండు తీసెను, పది తీసెను. నీటిమీది మెరపును తీసివేయు అద్దము ఒకటి తగిలించి చూచెను. అప్పుడు నీరు ఇంకను మాయమాయెను. తుదకు తల గోకికొనుచు, "అయ్యగారూ, ఇక్కడ ఏమీ పడటం లేదండీ. నీళ్ళు మరీ తేటగా ఉన్నాయి, అడుగున రాళ్ళే పడుతున్నాయి" అని చెప్పెను. చూడగా నిజమే. ఎవరైనను ఆ ఫోటో చూచినయెడల, వట్టి గులకరాళ్ళను ఇతడు ఎందుకు తీసెనని అనుకొందురు. హెర్మోను మంచును చేర్చి తీయుదమన్నను వీలుపడదు, జలపాతపు లోయలోనికి ఆ శిఖరము కనబడదు. కొండ ఒక ఫోటోలో, జలపాతము ఒక ఫోటోలో పడెను. ఆ రెంటి నడుమ జరుగుచున్నది ఏ ఫోటోలోను పడలేదు.

దానిని కనుగొనుటకు పూర్వమే ఒకడు ప్రయత్నించెను. యూదుల చరిత్ర వ్రాసిన యోసేపు చెప్పినదేమనగా, ఆ ఫిలిప్పే కొండమీది ఒక గుండ్రని చెరువులో పొట్టు పోయించెననియు, అది బానియాసు ఊటలో తేలెననియు, దానినిబట్టి యొర్దాను పుట్టుచోటు ఆ చెరువేనని నిశ్చయించిరనియు. నేటి పరిశోధకులు దానిని ఒప్పుకొనరు. ఆ చెరువు నీరు ఊటకు రాదు, ఊట నీరు హెర్మోను మంచును వానయునే. పొట్టు ఎట్లు తేలెనో! రాజు పోయించిన పొట్టు తేలలేదని చెప్పుటకు సేవకులకు ధైర్యము చాలలేదేమో అని నా అనుమానము.

ఇదంతయు ఆ ముసలితల్లికి చెప్పితిని. ఆమె శ్రద్ధగా విని, "ఆ కొండ ఫోటో ఉన్నదా అండీ?" అని అడిగెను. ఫోనులో చూపితిని. జలపాతముకంటె దానినే ఎక్కువసేపు చూచి, "ఎంత చల్లగా ఉంటుందో" అని, చెప్పులు తొడుగుకొని వెళ్ళిపోయెను.

ఇప్పుడు 42వ కీర్తన తెరువుడి. అది వ్రాసినవాడు యొర్దాను ప్రదేశమును, హెర్మోనును, మిసారు కొండను పేర్కొనుచున్నాడు. జలధారల హోరును ఎరిగినవాడు. అతడు నిలిచినది ఈ ఊటల చుట్టుప్రక్కలనే అని అనేక పండితులు తలంచుదురు. నేను ఆ హోరును విన్న తరువాతనే ఈ కీర్తనలోని వింత నాకు తెలిసెను. కనాను దేశములో అంత సమృద్ధియైన నీరు మరియొక చోట లేదు. అక్కడ నిలువబడి ఈ మనుష్యుడు తాను దప్పిగొన్న దుప్పివంటివాడనని ఏడ్చుచున్నాడు! యెరూషలేములో జనసమూహముతో కలిసి పండుగకు నడచిన దినములను జ్ఞాపకము చేసికొని, ఇప్పుడు దూరమైతినని కుములుచున్నాడు. నీళ్ళు చూచినంతమాత్రమున దాహము తీరదు. పటము చూచినవానికి అసలే తీరదు.

కొన్ని శతాబ్దముల తరువాత మన ప్రభువు తన శిష్యులను ఆ ప్రాంతమునకే తీసికొనిపోయెను. తన్ను ఎవరని చెప్పుకొనుచున్నారని అడిగెను. పేతురు గొప్ప సాక్ష్యము పలికెను. ప్రభువు అతని ధన్యుడనిన వెంటనే ఏమి చెప్పెనో గమనించితిరా? ఆ మాట పేతురుకు రక్తమాంసములవలన రాలేదు, పరలోకమందున్న తండ్రి బయలుపరచెను. పేతురు నోటినుండి దూకినదానిని అందరును వినిరి. అది ఎక్కడనుండి వచ్చెనో ప్రభువు చూచెను. కొన్ని వచనములు దాటకముందే అదే పేతురు సిలువ వద్దని ప్రభువును వారించెను. నోరు అదే, ప్రేమకూడ అదే అని మనకు తోచును. ప్రభువు మాత్రము ఆ మాట మనుష్యుల తలంపులనుండి వచ్చినదని చూచి, కఠినముగా గద్దించెను. మనమైతే రెండు మాటలకును ఆమేన్ అని యుందుము.

వాన నీటి వాగునకును ఊట నీటి ఏరునకును భేదము మీకు నేను చెప్పనక్కరలేదు, మీరే నాకు చెప్పగలరు. శ్రావణ భాద్రపదములలో ఫోటో తీసినయెడల మన ఊరి వాగు బానియాసుకంటె ఘనముగా పడును. మాఘము వచ్చువరకు ఇసుక మిగులును, ఆడవారు చెలమలు తీసి గిన్నెతో తోడుకొందురు. అట్టి వాగులను నమ్మి వచ్చిన బాటసారులు ఎట్లు మోసపోయిరో యోబు 6వ అధ్యాయములో చదువుడి. బానియాసు కూడ వేసవి చివర తగ్గును, గాని ఎండదు. ఒకే దినమున చూచినవానికి, ఏది వాగో ఏది ఊటయో ఫోటో చెప్పదు.

ఇక నేను చెప్పలేకపోయినది. ఆ సంవత్సరమే, 2019 క్రిస్మసునకు, మా సంఘమువారు పండ్రెండుమంది విధవరాండ్రకు చీరలు పంచిరి. మంచి పనియే. దేవాలయము ముందు ఫ్లెక్సీ కట్టి, వారిని వరుసగా నిలిపి, చీర ఇచ్చు ప్రతిసారి ఫోటో తీయించితిమి, దాతలకు పంపవలెను గదా. వారిలో ఒక చిన్న వయస్సు విధవరాలు చీర అందుకొనునప్పుడు కొంగు ముఖముమీదికి లాగుకొనెను. సిగ్గరి అనుకొంటిని. "అమ్మా, కొంగు తియ్యి, ముఖం పడాలి" అని చెప్పినవాడను నేనే. ఆమె తీసెను. ఫోటో బాగుగా వచ్చెను. దానిని ఫోనులలో ఊరంతయు చూచెను.

2021వ సంవత్సరము వేసవిలో ఆ ముసలితల్లి ప్రభువునందు నిద్రించెను. జ్ఞాపకార్థ కూడికకు ఫోటో కావలసి ఆమె ఇంట వెదకగా, ఆధారు కార్డుమీది మసకబొమ్మ తప్ప ఏమియు దొరకలేదు. ఆ ఫోటోల తమ్ముడు తనయొద్దనున్న మా సంఘపు ఫోటోలన్నియు వెదకెను. అన్ని సంవత్సరముల పండుగలలో, పెండ్లిళ్ళలో, ఆమె ముఖము ఒక్కదానిలోను పడలేదు. చీరలు పంచిన ఫోటోలో మాత్రము ఒక అంచున ఒక చేయి ఉన్నది. కొంగు తీసిన ఆ విధవరాలి బిడ్డను ఎవరో ఎత్తుకొన్న చేయి. మోచేతిమీది పచ్చబొట్టునుబట్టి అది ఆమెదేనని గుర్తుపట్టితిమి.

రెండు నెలలు గడచెను. ఆ విధవరాలి పిల్లలు ఆదివారపు బడికి రావడము మానిరి. నేను వెళ్ళి అడుగగా ఆమె మొదట ఏమియు చెప్పలేదు. పొయ్యి ప్రక్కన బియ్యపు కుండ బోర్లించి ఉండెను. తరువాత నేల చూచుచు చెప్పెను: "పెద్దమ్మ ఉన్నన్నాళ్ళూ లోటు లేదండీ."

మన ఇండ్లలో అన్నము వండునప్పుడు ప్రభువునకు పిడికెడు బియ్యము తీసిపెట్టి ఆదివారము దేవాలయమునకు తెచ్చు అలవాటు మీరు ఎరుగుదురు. ఆ ముసలితల్లి ప్రతి పూట రెండు పిడికిళ్ళు తీసెడిదట. ఒకటి దేవాలయమునకు వచ్చెను. రెండవది చీకటి పడిన తరువాత, దొడ్డిదారిన, ఈ ఇంటికి చేరెను. నాలుగు సంవత్సరములు. ఆమె తినునది ముసలి పింఛను డబ్బుతో కొన్న బియ్యమే. గోడ ఆనుకొని ఉండుటచేత, తెల్లవారుజామున ఆమె ప్రార్థన ఈ ఇంటికి వినబడెడిదనియు, పిల్లల పేర్లు ఒక్కొక్కటి చెప్పి వేడుకొనెడిదనియు ఆ విధవరాలు చెప్పెను. మేము ఇచ్చిన చీరను చూపెను. మడత విప్పలేదు. "అది కట్టుకుంటే అందరికీ తెలుస్తుందండీ" అని మాత్రమే చెప్పెను.

నేను ఇంటికి వచ్చి యెషయా 58వ అధ్యాయము తీసితిని. ఎండని ఊటను గురించిన వాగ్దానము అక్కడ ఉన్నది. ఆ వచనముమీద నేను ఎన్నో ప్రసంగములు చేసితిని, క్యాలెండరుమీద అచ్చువేయించితిని. దానికి పైన ఏమి ఉన్నదో ఆ రాత్రి మొదటినుండి చదివితిని. పైకి కనబడు ఉపవాసము చేయుచు, దేవుడు చూచుటలేదేమని అడిగిన జనులతో అధ్యాయము మొదలగుచున్నది. ఆకలిగొన్నవానికి నీ ఆహారము పంచిపెట్టుము, నీ రక్తసంబంధికి ముఖము తప్పింపకుము అని దేవుడు వారికి జవాబిచ్చుచున్నాడు. ఆ తరువాతనే ఊట. నేను పై వచనములు విడిచి, జలపాతమును మాత్రము ఫ్రేము కట్టించితిని.

ఫోటోలు తీయుట పాపమని నేను చెప్పుటలేదు. ఆ తమ్ముడు నమ్మకముగల సహోదరుడు, అతని పని అతనికి అన్నము పెట్టుచున్నది. బానియాసు పటము ఇప్పటికిని గోడమీదనే ఉన్నది, వచ్చినవారందరికి చూపుచున్నాను. గాని మత్తయి 6వ అధ్యాయములో మన ప్రభువు ధర్మము రహస్యముగా చేయుమనియు, ప్రార్థన చేయునప్పుడు తలుపు మూయుమనియు చెప్పెను. నేను ఒక దరిద్రురాలి ముఖముమీది తలుపును నా చేతితో తెరచితిని. ఆమెయొద్దకు వెళ్ళి క్షమాపణ అడిగితిని. "పోనీలెండి అయ్యగారూ" అనెను. ఆ చీర ఇప్పటికిని ఆమె కట్టలేదు.

సంఘపెద్దలతో మాటలాడి, ఆ సంవత్సరమునుండి పంచునప్పుడు ఫోటోలు మానివేసితిమి. ఒక దాత దానివలన తప్పుకొనెను. దేవాలయపు వెనుక తలుపునొద్ద మూతగల పెద్ద బియ్యపు కుండ ఒకటి పెట్టించితిమి. వేయువారి పేర్లు వ్రాయుటకు పుస్తకము లేదు. తీసికొనిపోవువారు చీకటి పడిన తరువాత రావచ్చును, ఆ తలుపునకు తాళము వేయుటలేదు. ఎలుకలు పడుననియు, ఎవరైనను దొంగిలుదురనియు కొందరు పెద్దలు భయపడిరి. ఎలుకల సంగతి నిజమే, మూతమీద రాయి పెట్టవలసి వచ్చినది. గత ఆదివారము నేలకు అలుకుటకు ఆ కుండను జరుపబోతిమి. నా ఒక్కనివలన కాలేదు, ఆ ఫోటోల తమ్ముడు వచ్చి రెండవ ప్రక్క పట్టెను.